చూడు, చేర్చు, మార్చు, తీసెయ్

అనకాపల్లిలో మగాడై పుట్టినవాడు ఎవడో ఒకడికి బావ కాకుండా తప్పించుకోలేడు. టీ కొట్టతను బావ, ఆటో అతను బావ. స్టేషను బయట మన బండికి అడ్డంగా తన బండి పెట్టినవాడు కూడా మనం నోరు తెరిచేలోపే "ఒక్క నిమిషం బావా" అంటాడు. దాంతో తిట్టు గొంతులోనే ఆగిపోతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ పదమే లేకపోతే నేను ఈ ఊళ్ళో రోజుకో తగువు పెట్టుకుని ఉండేవాణ్ణి.

ఇంతమంది బావల్లో నాకు బాగా దగ్గరివాడు ఒకడుండేవాడు. ఇంజనీరింగులో నా పక్కన కూర్చున్నవాడు. మాది సబ్బవరం పక్కన పల్లె, చెరుకూ వరీ వేస్తాం. వాళ్ళది టౌన్లో బెల్లం వ్యాపారం, తాతల నాటి కమీషన్ కొట్టు. మా నాన్న ఏటా బెల్లం దిమ్మలు తెచ్చి వేసేది ఆ కొట్లోనే. మా నాన్న వాళ్ళ నాన్నని "సావుకారు గారూ" అంటాడు, నిలబడే మాట్లాడతాడు. నేను మాత్రం కొడుకుని బావా అన్నాను కాబట్టి తండ్రిని మావయ్యా అన్నాను, తల్లిని అత్తా అన్నాను. వంటింట్లోకి నేరుగా వెళ్ళి, ఇంకో అట్టు వెయ్యమని అడిగేంత చనువు వచ్చేసింది. ఇదంతా ఒక్క పిలుపు పట్టుకుని అల్లుకున్న చుట్టరికం. ఇది చుట్టరికం కాదని నాతో ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు.

ఇద్దరం హైదరాబాదులో ఉద్యోగాలు చేసేవాళ్ళం. కరోనాకి లాప్‌టాపులు పట్టుకుని ఇంటికొచ్చాం. ఆఫీసులు మళ్ళీ రమ్మన్నప్పుడు ఇద్దరికీ వెళ్ళబుద్ధి కాలేదు. "ఇక్కడే ఏదో ఒకటి పెట్టుకుందాం బావా" అన్నాడు వాడు. వాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉంది. కింద కొట్టూ గోడౌనూ, మధ్య అంతస్తులో ఇల్లు, పైన మా కంపెనీ. కంపెనీ అంటే రెండు బల్లలూ, గిర్రుమనే ఫ్యానూ, ఎప్పుడూ పోయే ఇంటర్నెట్టూ. సీజన్లో బెల్లం వాసన మెట్లెక్కి మా గదిలోకి వచ్చేసేది. కీబోర్డుకి చీమలు పట్టేవి. మా మొదటి కస్టమరు మావయ్యే. రోజూ ఏ రకం బెల్లం వచ్చిందో, ఏ లాటులో ఎన్ని దిమ్మలున్నాయో బయటి రాష్ట్రాల వ్యాపారులు ఫోన్లో చూసుకునేలా ఒక సైటు చెయ్యమన్నాడు.

వాడికి ఒక చెల్లెలు ఉంది. వైజాగులో ఎంసీఏ చేసి ఇంట్లోనే ఉంటోంది. సంబంధాలు చూస్తున్నారు, ఏదీ కుదరడం లేదు. ఊరికే కూర్చోడమెందుకు, టెస్టింగు చేస్తానని పైకి వచ్చింది. ఆమెకో పట్టుదల ఉండేది. ఏ సంగతైనా తెలుగులో చెప్పేదాకా ఒప్పుకునేది కాదు. ఇంగ్లీషు రాక కాదు. "ఇంగ్లీషులో వింటే అన్నీ తెలిసిపోయినట్టే ఉంటాయి, నాకు అదే డౌటు" అనేది. నాలాంటి కోపిష్టి మనిషికి ఇలాంటి టెస్టరు దొరకడం శిక్షే అనుకున్నాను మొదట్లో.

వచ్చిన కొత్తలోనే రూటింగు దగ్గర, అంటే సైటుకి వచ్చినవాణ్ణి ఎటు పంపాలో రాసే చోట, నన్ను పట్టుకుంది. నేను రాసిన ఫైలు చూసి, "ఇదేటి, ఒకే అడ్రసు ఇన్నిసార్లు రాసేరు? కాపీ కొట్టి తీసెయ్యడం మర్చిపోయేరా?" అంది. అప్పట్లో నన్ను మీరు అనేది.

నాకు చురుక్కుమంది. "కాపీ కాదండి. అడ్రసొకటే, వచ్చినోడి పని వేరు" అన్నాను.

"అంటే?"

వెబ్‌లో ఏ బ్రౌజరూ ఉత్త అడ్రసు పట్టుకుని వెళ్ళదు, దానితోపాటు ఒక క్రియ కూడా పట్టుకెళ్తుందని చెప్పాను. లాటు అడ్రసుకి గెట్ అని వెళ్తే చూపించమని. పోస్ట్ అంటే కొత్తది రాసుకోమని. పుట్ అంటే ఉన్నదాన్ని సవరించమని. డిలీట్ అంటే తెలిసిందే. మేం సైటు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్కు గుమ్మం దగ్గర నిలబడుతుంది. వచ్చినవాణ్ణి ఎవరింటికి, ఏ పని మీద అని రెండూ అడుగుతుంది. ఆ రెండూ కలిపి చూసి, ఫలానా ఫంక్షను దగ్గరికి పో అని పంపిస్తుంది. అందుకే ఒక్క అడ్రసుకి అన్ని వరసలు.

ఆమె ఆ వరసల మీద వేలు జరుపుతూ, "చూడు, చేర్చు, మార్చు, తీసెయ్" అంది. "ఇంతేనా? దీనికా ఇంత బిల్డప్పు ఇచ్చేరు?"

ఆ రోజు నుంచి మా గదిలో గెట్ అనీ పోస్ట్ అనీ ఎవరూ అనలేదు. "లాటు తీసెయ్‌కి లాగిన్ పెట్టేవా బావా?" అని బావ కూడా అడగడం మొదలుపెట్టాడు. నాకు నవ్వొచ్చేది, కోపం కూడా వచ్చేది. నేను రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్నదాన్ని ఈ పిల్ల నాలుగు ముక్కలు చేసి చేతిలో పెట్టింది.

తర్వాత 404 గొడవ వచ్చింది. లేని పేజీకి వెళ్తే వచ్చే జవాబు అది. అక్కడ "మీరు అడిగిన పేజీ లేదు" అని రాశాను. మావయ్య ఫోన్లో అది చూసి మెట్లెక్కి పైకొచ్చాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, మామూలుగా పైకి రాడు.

"నాన్నా, ఏటిది? మన కొట్లో లేదన్న మాట అనం కదా" అన్నాడు.

నిజమే. ఆ కొట్లో ఎవరూ లేదు అనరు. బెల్లం అయిపోతే "నిండుకుంది" అంటారు. కొట్టు మూసేటప్పుడు మూసేస్తున్నాం అనరు, "కట్టేత్తన్నాం" అంటారు. లేదన్న మాట గుమ్మంలో పడితే లక్ష్మి వెనక్కి తిరుగుతుందని వాళ్ళ భయం. ఇది కంప్యూటరు మావయ్యా, దీనికి లక్ష్మి తెలీదు అని నేను వాదించాను. ఆయన వాదించలేదు. ఆ పేజీ వంక బాధగా చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆమే మార్చింది. లేని పేజీకి వెళ్తే మా సైటు ఇప్పటికీ "ఈ పేజీ నిండుకుంది" అంటుంది.

"ఇలాంటివి ఇంకేమున్నాయి?" అని అడిగింది ఆమె. 405 గురించి చెప్పాను. అడ్రసు సరైనదే, కానీ ఆ అడ్రసులో చెయ్యకూడని పని అడిగితే ఆ జవాబు వస్తుంది. చూడ్డానికి మాత్రమే పెట్టిన చోట తీసెయ్ అంటే, 404 అని అబద్ధం చెప్పదు. కుదరదు అంటుంది. అంతటితో ఊరుకోదు, ఇక్కడ ఏమేం కుదురుతాయో వరసగా చెప్పి పంపాలి, అది రూలు.

ఆమెకి అది ఎంత నచ్చిందో. "ఎంత మర్యాద! వద్దన్నాక, పోనీ ఇవి అడుగు అని కూడా చెప్తాదా?" అంది. దానికి తనే తెలుగు రాసింది. "మీరు వచ్చిన చోటు సరైనదే. మీరు అడిగిన పని ఇక్కడ కుదరదు." నాకు ఒక్క అక్షరం కూడా మార్చాలనిపించలేదు. నేను ఎవరి రాత చూసినా ఏదో ఒకటి మార్చేవాణ్ణి.

ఆమె మీద నాకున్నది ఇష్టమని తెలిసింది మాత్రం బావ చేసిన వెధవ పని వల్ల. లాటు తీసేసే పనికి వాడు డిలీట్ వాడకుండా మామూలు లింకు పెట్టేశాడు. అంటే గెట్‌తోనే చెరిపేయడం. పైగా లాగిన్ కూడా పెట్టలేదు. ఏదో సెర్చి రోబో మా సైటుకి వచ్చి, కనిపించిన ప్రతి లింకూ తెరిచి చూసుకుంటూ పోయింది. అది చూసిన లాటల్లా మాయమైంది. పొద్దున్న మావయ్య ఫోను తెరిస్తే సైటు మొత్తం నిండుకుంది.

"చూడ్డానికొచ్చినోడు ఇల్లు కూల్చేసి పోయేడు బావా!" అని నేను అరిచిన అరుపుకి కింద కళాసీలు దిమ్మలు దింపడం ఆపి పైకి చూశారట. బావ తల పట్టుకుని కూర్చున్నాడు. బ్యాకప్ ఉంది కాబట్టి బతికాం. నేను మాత్రం చల్లారలేదు. ఈ పనిలో అన్నిటికంటే పెద్ద రూలు ఇది, చూస్తే ఏదీ మారకూడదు, ఎన్నిసార్లు చూసినా ఎక్కడివి అక్కడే ఉండాలి, పుస్తకంలో మొదటి పేజీలో ఉంటుంది అని గదిలో అటూ ఇటూ తిరుగుతూ తిట్టాను.

బావ టీకి వెళ్ళిపోయాక ఆమె అడిగింది. "చూస్తే ఏదీ మారకూడదా?"

"మారకూడదు."

"నాకైతే మారిపోయింది" అంది. తల ఎత్తలేదు, బ్యాకప్ లాట్లు సరిచూస్తూనే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.   నేను కిందికి దిగి మార్కెట్టు రోడ్డంతా ఊరికే నడిచి వచ్చాను. మళ్ళీ పైకి వచ్చేసరికి ఆమె నన్ను నువ్వు అంది. "ఎక్కడికి పోయేవు? ఈ లాటు రెండుసార్లు వచ్చింది, చూడు."

ఆ ఏడాది నా జీవితంలో మంచి ఏడాది. మేం సినిమాలకీ షికార్లకీ వెళ్ళలేదు. ఒకే గదిలో, బావ ఎదురుగానే, పని చేసుకునేవాళ్ళం. ఆమె కింద నుంచి తెచ్చే చెగోడీలు, నేను పల్లె నుంచి తెచ్చే చెరుకుముక్కలు, ఆ మాత్రమే. నా కోపం తగ్గిందని మా అమ్మ కూడా కనిపెట్టింది. ఒకరోజు వాళ్ళ మేడ మీద ఎండుమిరపకాయలు తిరగేస్తూ బావ చెల్లెలే తేల్చి చెప్పింది. "మళ్ళీ ఏదో సంబంధం వచ్చింది. నన్నడిగితే నేను ఔననే అంటాను, తెలుసుగా. కానీ అడగాల్సింది నన్ను కాదు. మా అన్నయ్యనడుగు, నాన్ననడుగు. ఆలస్యం చెయ్యకు."

నాకు భయం వెయ్యలేదు. ఇది చదివేవాళ్ళు నవ్వుకోవచ్చు. వాళ్ళు వ్యాపారస్తులు, మేం రైతులం, కులాలు వేరు, అది తెలియని పసివాణ్ణేం కాదు. మా నాన్న కూడా ఎప్పుడో ఒకసారి, "ఆళ్ళింట్లో అలా తిరక్కురా, ఆళ్ళు ఆళ్ళే, మనం మనవే" అన్నాడు. నేను కొట్టిపారేశాను. ఊరంతా ఊరికే బావలు. మేమిద్దరం మాత్రం అలా కాదనుకున్నాను. ఇన్నేళ్ళ నుంచి పొద్దున లేస్తే బావా, పడుకునే ముందు బావా. ఆ వరసలో వాడి చెల్లెలు నాకేమవుతుందో ఈ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ వరస కలుపుకుంటామన్నట్టే కదా ఆ పిలుపు, అనుకున్నాను. పిచ్చివాణ్ణి.

రైల్వే గేటు దగ్గర టీ తాగుతూ వాణ్ణి అడిగాను. "బావా, ఈ బావని నిజం బావని సేసుకుంటావా?"

వాడు నవ్వాడు. "ఏటి, మా చెల్లిని చేసుకుంటావేటి?" అన్నాడు.

"ఔను" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. గ్లాసు వంక చూశాడు, గేటు వంక చూశాడు. సరిగ్గా అప్పుడే టీ కొట్టతను "ఇంకోటి పొయ్యనా బావా?" అన్నాడు. "వద్దు బావా" అన్నాడు వీడు. అని, నా వైపు తిరిగాడు.

"ఇప్పుడు అతన్నేటన్నాను? బావా అన్నానా లేదా? అతనికి మా చెల్లినిచ్చేత్తానా? అది పిలుపు బావా. ఒట్టి పిలుపు."

ఆ మాట అన్న మరుక్షణమే వాడి మొహం మాడిపోయింది. అనకూడనిది అన్నానని వాడికి తెలుసు. నా చెయ్యి పట్టుకోబోయాడు. నేను గ్లాసు అక్కడ పెట్టేసి వచ్చేశాను. కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది, కోపంతో ఏం చెయ్యాలో నాకు తెలుసు. సబ్బవరం దాకా బండి మీద ఏడుస్తూ వెళ్ళాను, హెల్మెట్ ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

బావ చెప్పేశాడేమో, మర్నాడు మావయ్య కొట్లోకి పిలిచాడు. గల్లా పెట్టె పక్కన కూర్చోబెట్టుకున్నాడు, అత్త చేత మజ్జిగ తెప్పించాడు. ఆయన నోట లేదు అన్న మాట రాదని నాకు తెలుసు. కాదు అన్న మాట కూడా రాదని ఆ రోజు తెలిసింది.

"నువ్వు మా ఇంట్లో మనిషివి నాన్నా" అన్నాడు. "ఎప్పుడైనా రా. ఎప్పుడైనా తిను. ఆ గది నీదే, ఖాళీ చెయ్యమని ఎవరూ అనరు. మీ నాన్న బెల్లం మన కొట్టుకే రావాలి. మన ఇంట్లో శుభకార్యం జరిగితే నువ్వు ముందుండాలి. నీ పెళ్ళికి మేవందరం వత్తాం. నువ్వు ఏది అడిగినా ఈ కొట్లో ఇత్తాం."

అని ఆపేశాడు. ఇవ్వనిది ఏమిటో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా మిగతావన్నీ చెప్పాడు. ఆమె 405 చూసి ఎంత మర్యాదో అంది. ఆ మర్యాద ఇటు వైపు నిలబడినవాడికి ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. ఒక్క తిట్టు తిట్టినా తిరిగి తిట్టేవాణ్ణి.  మజ్జిగ మొత్తం తాగి లేచి వచ్చాను.

పైకెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి బావ వచ్చాడు. లాప్‌టాపు తెరిచి, నా వైపు చూడకుండా, "ఆ లాగిన్ పేజీ అప్‌లోడ్ చేసేవా అన్నయ్యా?" అన్నాడు.

ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకున్నాను. తల తిప్పి చూస్తే ఫోను బల్ల మీద ఉంది.

"ఎవడ్రా నీకు అన్నయ్య?" అన్నాను.

వాడు ఏడ్చేశాడు. అంత మనిషి, గడ్డం ఉన్నవాడు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. "నన్నేటి చెయ్యమంటావు? బావా అని పిల్చిన ప్రతిసారీ నాన్న నా మొహం చూత్తన్నాడు. నాకే ఆ మాట రావట్లేదు. నువ్వంటే నాకు ఇష్టం పోలేదు, ఒట్టు. ఇలాగైనా ఉండు" అన్నాడు.

వాడు నాకు కోపం తెప్పించాలని అనలేదు, నన్ను పోగొట్టుకోకూడదనే అన్నాడు. అదే నా ప్రాణం తీసింది. వాడు నన్ను అన్నయ్యా అంటే వాడి చెల్లెలు నాకూ చెల్లెలే. ఆ ఒక్క పిలుపుతో ఇల్లంతా నాకు మళ్ళీ దారులు తెరిచింది, ఒక్క దారి తప్ప. రెండు రోజుల్లో అత్త కూడా నన్ను "పెద్దోడా" అనడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పుకోకుండానే అందరూ నేర్చేసుకున్నారు.

ఆమె ఊరుకోలేదు. అది నేను చెప్పి తీరాలి, ఎందుకంటే తర్వాత జరిగింది చూసి ఆమెని తప్పు పట్టడం తేలిక. ఆమె తండ్రిని నిలదీసింది. నాకు వేరే పెళ్ళి వద్దంది. ఆయన కూతురితో కూడా కాదనలేదు. "నీ ఇష్టమమ్మా" అన్నాడట. అని, మర్నాడు కొట్టు తియ్యలేదు.

బెల్లం సీజను. పొద్దున్నే పల్లెల నుంచి వ్యాన్లు వచ్చేసే టైము. షట్టరు దించే ఉంది. కళాసీలు మెట్ల మీద కూర్చున్నారు. రైతులు వచ్చి, ఏటైంది సావుకారు గారికి ఒంట్లో బాగోలేదా అని అడిగి, కాసేపు చూసి, పక్క కొట్లకి పోయారు. ఆయన లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ మర్నాడూ తియ్యలేదు. వాళ్ళ ఇంట్లో మనిషి పోయిన రోజు కూడా, కార్యక్రమాలు కాగానే ఒక గుమాస్తా చేత షట్టరు కాస్త ఎత్తించి దీపం పెట్టించిన మనిషి ఆయన. గోడౌనులో బెల్లం చెమర్చి కారడం మొదలుపెట్టింది, మెట్ల దాకా జిగురు. మా నాన్న కూడా దిమ్మలతో వచ్చి, మూసున్న షట్టరు చూసి, పైకి తలెత్తి నా కిటికీ వంక చూశాడు. ఆయనకి అప్పటికే ఎవరో చెప్పారు. వ్యాను తిప్పించుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆమె పైకి వచ్చింది. బావ లేడు. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు. కళ్ళు వాచి ఉన్నాయి. నేను లేచి నిలబడ్డాను.

"రేపు కొట్టు తీత్తారు" అంది.

అంతే అంది. నాకు అర్థమైంది. "నువ్వు ఒప్పుకున్నావా?" అని అడగలేదు, అడిగితే ఆమె మళ్ళీ అది చెప్పాలి. "సరే" అన్నాను. ఆమె ఇంకొంతసేపు నిలబడింది. నేను ఇంకేదైనా అంటానని నిలబడిందేమో. ఇప్పటికీ ఎన్నో మాటలు తడతాయి నాకు, స్నానం చేస్తుంటే, బండి నడుపుతుంటే. ఆ రోజు ఒక్కటీ తట్టలేదు. ఆమె దిగి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న షట్టరు ఎత్తిన చప్పుడు మూడో అంతస్తులో కూడా వినిపించింది.

పెళ్ళిచూపుల రోజు నేను పైన పని చేసుకుంటున్నాను. రాకుండా ఉండాల్సింది. కానీ రాకపోతే ఓడిపోయినట్టుంటుందని వచ్చాను, నా బుద్ధి అలాంటిది. మావయ్య కింద నుంచి ఫోన్ చేశాడు. "నాన్నా, ఒకసారి కిందికి రా. అబ్బాయిది కూడా నీ పనేనంట. కాసేపు మాట్లాడు. మాకేం తెలుస్తాది?" ఆయన కావాలని చేసిన పని కాదు. నన్ను ఇంట్లో మనిషి అన్నాడు, ఇంట్లో మనిషిని పిలిచినట్టే పిలిచాడు.

వెళ్ళాను. వాళ్ళు రాజమండ్రి వాళ్ళు, వీళ్ళ కులమే. అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం. వంక పెడదామని చూశాను, దొరకలేదు. నెమ్మదస్తుడు. వచ్చేముందు మా సైటు చూసుకుని వచ్చాడు. "ఈ పేజీ నిండుకుందన్నది ఎవరు రాశారండీ? నేను చాలాసేపు నవ్వుకున్నానండి" అన్నాడు.  రాసిన మనిషి ఎదురుగా చాప మీద తల దించుకుని కూర్చుని ఉంది. తర్వాత అతను కాసేపు నాతో పని గురించి మాట్లాడాడు. కుదరని పద్ధతిలో అడిగితే 405 ఇస్తున్నారు కదా, మా కంపెనీలో అయితే అదీ ఇవ్వమండి, 404 ఇచ్చేస్తాం, అక్కడ అలాంటి అడ్రసు ఒకటుందని బయటివాళ్ళకి తెలియకుండా ఉండడమే మంచిదండి అన్నాడు. అతని మాటలో తప్పు లేదు, చాలా చోట్ల అలాగే చేస్తారు. నేను తలూపాను.

అప్పుడు వాళ్ళమ్మ నన్ను చూసి నవ్వుతూ అడిగింది. "బాబు మీకేమవుతాడండీ?"

మావయ్య తువ్వాలు సర్దుకున్నాడు.  ఈ మధ్యంతా తడుముకోకుండా అన్నయ్యా అన్న బావ ఇప్పుడు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.  అందరూ నా వంక చూస్తున్నారు, నేను ఏదో ఒకటి అనేస్తానని భయపడుతున్నారు. నాకూ ఆ భయమే ఉంది.

"మా అన్నయ్యండి" అంది ఆమె.

తల ఎత్తి, స్పష్టంగా, వాళ్ళ వైపు చూసి చెప్పింది.  నన్ను ఆ గదిలోంచి క్షేమంగా బయటికి తేవడానికి ఆమెకి దొరికిన దారి అదొక్కటే. అది నాకు అప్పుడే తెలుసు. తెలిస్తే నొప్పి తగ్గుతుందంటారు, నాకేం తగ్గలేదు.

"అయితే మా వాడికి బావగారన్నమాట!" అని ఆ తల్లి మురిసిపోయింది. అతను వెంటనే కుర్చీలోంచి లేచాడు. ఎంత మర్యాదస్తుడో చెప్పాను కదా. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, "నమస్కారమండి బావగారూ" అన్నాడు. వరస ప్రకారం సరిగ్గానే పిలిచాడు. నేను కూడా నమస్కారం అన్నాను.

తర్వాత కాఫీలు తెచ్చారు. ఆమే ఇచ్చింది అందరికీ. వాళ్ళందరికీ ఇచ్చాక కెటిల్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నా గ్లాసు సగం నింపింది. ఇంతకుముందు ఎప్పుడూ సగం నింపి ఆగేది కాదు, అంచు దాకా పోసి, ఒలికితే నా మీదే నవ్వేది.

"ఇంకొంచెం పొయ్యనా అన్నయ్యా?" అంది.

"చాలమ్మా" అన్నాను.

ఎక్కడా తడబడలేదు. సొంత చెల్లెలితో అన్నట్టే వచ్చింది ఆ మాట. ఆమె చెయ్యి కెటిల్ మీద ఒక్క క్షణం ఆగింది, తర్వాత వంటింట్లోకి వెళ్ళింది.